ఎనిమిదో తరగతిలో అన్నప్రాసన

ఆ రోజు ఒక పిల్లగాని చేయి పట్టి పక్కకు జరిపిన. అది నా తప్పు. కాలమే అట్లుండేదని, అప్పుడందరూ అట్లనే చేసేవారని నా ఈడువాళ్లు ఓదారుస్తుంటరు. నేనొప్పుకోను. ఆ చేతిని కాలం జరపలేదు, నేను జరిపిన.

నిజాం కాలం, చదువంతా ఉర్దూలనే. పాతబస్తీల ఒక హైస్కూలులో ఎనిమిదో తరగతికి క్లాసు టీచరును. ఎవరికి దేని మీద మనసున్నదో చూసి చెప్పమన్నడు పెద్దసారు. నేను సరే అన్నవాళ్లు మెట్రిక్ దాకా చదువుతరు. మిగిలినవాళ్లను చేతిపనులు నేర్పే బడికి పంపుతరు.

నాకొక ఉపాయం తట్టింది. మా ఇండ్లల్ల అన్నప్రాసన నాడు పసిపిల్లల ముందు పుస్తకం, బంగారం, కత్తి పెడతరు. ఏది పట్టుకుంటే బతుకు అటే పోతదంటరు. నేను బల్ల మీద కలం, తరాజు, సుత్తె, కుంచె, పాలు కొలిచే పావుసేరు పెట్టి, ఒక్కొక్కరిని వచ్చి పట్టుకోమన్న.

"సార్, నడిచి రావాల్నా, పాకుకుంట రావాల్నా?" అన్నడు వెనుక బెంచీ నుంచి ఒకడు. క్లాసంతా నవ్వింది.

బేగంబజార్ కిరాణా దుకాణం పిల్లగాడు తరాజు పట్టిండు. ధూల్‌పేట్‌ల గణపతులు చేసే ఇంటి పిల్లగాడు కుంచె పట్టిండు. నాకు మస్తు ఖుషీ అయింది. తర్వాత సైదాబాద్ దిక్కు బర్రెల కొట్టం నుంచి వచ్చేవాడు లేచిండు. పొద్దున పాలు పితికి, ఇండ్లకు పోసి వచ్చి క్లాసుల కునుకు తీసేవాడు. మేల్కొని ఉంటే నా ప్రతి మాటకూ ఎదురు మాట. వాని చేయి కలం మీద పడ్డది. మణికట్టు పట్టుకొని పావుసేరు మీద పెట్టిన. "నీది ఇదిరా," అన్న. తమకు నచ్చింది చేతికందేటట్టు పసిపిల్లల ముందు పళ్లెం జరిపే ముసలమ్మల లెక్కనే, వాని మేలు కోసమే అనుకున్న.

వాడు పావుసేరును చప్పుడయ్యేటట్టు పక్కకు నెట్టిండు.

"మీరే పట్టియ్యాలంటే మమ్మల్ని పిలుసుడెందుకు సార్?"

"మీ బాపు చేసే పనే కదరా. తక్కువ పనా?"

"తక్కువని నేనన్ననా? మా బర్రెను బందెలదొడ్లె పెడితే బాపు పొద్దంతా చేతులు కట్టుకొని నిలవడ్డడు. మా దిక్కు మాట్లాడెటోడు ఒక్కడు లేడు. నేను వకీలునైత."

"వకీలా! కూసో, కూసో."

"కూసోను. నేనడిగిందానికి జవాబు చెప్పుండ్రి."

నన్నే జవాబు అడుగుతడా అని కోపమొచ్చింది. వాణ్ని బయట నిలబెట్టిన. సాయంత్రం పెద్దసారు దగ్గరికి పోయి, వాణ్ని చేతిపనుల బడికి పంపమని చెప్పిన.

ఇంటికి పోతుంటే వాని ప్రశ్న వెంబడే వచ్చింది. లొల్లి పెడుతుండని ఏడాదంతా వాణ్ని తిట్టిన. ఆ లొల్లిల న్యాయమున్నదా అని ఒక్కనాడూ వినలేదు.

మరునాడు బల్ల ఖాళీ చేసిన. "నిన్న నీ చేయి జరుపుడు నా తప్పు," అని వానితో క్లాసు ముందటనే అన్న. ఏమైతరో అందరినీ నోటితోనే చెప్పమన్న. తరాజు పట్టినవాడు డాక్టరునైతనన్నడు. కుంచె పట్టినవాడు మాత్రం కుంచే అన్నడు.

పెద్దసారు దగ్గరికి పోయి నా మాట వాపసు తీసుకుంటున్ననని చెప్పిన.

"వాడు ఉర్దూల కచ్చా, ముక్క సరిగ్గ రాదు. పైగా నిద్రమొహం. మీ మాట మీరే మింగుతరా?" అన్నడు.

"మింగుత సార్. పిల్లగాని బతుకు మింగేకంటే నయం కదా. వాడు ఫెయిలైతే నన్ను అడుగుండ్రి."

ఆ సాయంత్రమే బర్రెల కొట్టానికి పోయిన. "పంతులూ, జర దూరం కూసో, అది తన్నుతది," అన్నడు వాళ్ల బాపు. బక్కెట్ బోర్లేసుకొని కూసున్న. వాడు పాలు పితుకుతుంటే ఉర్దూ పాఠం పైకి చదివిన.

"గట్టిగ చదువుండ్రి సార్, పాల చప్పుడుల ఇనవడ్తలేదు," అన్నడు, తల తిప్పకుంటనే.

గట్టిగ చదివిన. వాడు మెట్రిక్ దాటేదాకా ఆ బక్కెట్ మీదనే కూసొని చదివిన.