కూసో అనేదాకా నిలబడే డిటెక్టివ్

సీతాఫల్‌మండి సుగుణ టీచర్ ప్రభువునందు నిద్రించారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఎడిటింగ్ గదిలో, ఆవిడ కథనే చూస్తూ ఉన్నాను. కాసేపు తెర మీద బొమ్మ కదులుతోందో ఆగిందో కూడా తెలియలేదు. బడిలో నాకు తెలుగు నేర్పి, తర్వాత తన డిటెక్టివ్ నవలలకు నాచేతే స్క్రీన్‌ప్లే రాయించిన మహానుభావురాలు ఇక లేరు.

ఆవిడ సృష్టించిన ఓదేలు సస్పెండైన కానిస్టేబుల్. చిన్న ఊరు, పెద్ద నోరు, ముక్కు మీద కోపం. ప్రతి నవలలోనూ ముందు ఒక నిరపరాధి మీద నింద వేస్తాడు. నిజం తేలాక వెళ్లి వాళ్ల గడప బయట నిలబడతాడు. లోపలివాళ్లు "కూసో" అంటేనే కూర్చుంటాడు. నవల ఆ మాటతోనే ముగుస్తుంది.

టీచర్‌ది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఈ "కూసో"ను ఇక్కడి బడిపిల్లల తల్లుల దగ్గర నేర్చుకున్నారు. "మనింట్లో కూర్చోండి అంటాం. నీ ఓదేలు ఇక్కడికొస్తే నిలబడే ఉండాలి," అని భర్త ప్రకాశం గారు ఆటపట్టించేవారు.

ఆ నవలలతో తీస్తున్న వెబ్ సిరీస్ దర్శకుడు నరేందర్ ఆ గడప సన్నివేశం కోసేశాడు.

"హీరో గిట్ల తలొంచుకొని నిలబడితే ఎవరు చూస్తరు మేడం? దొంగ దొరికినంక కథ ఖతం."

"దొంగను పట్టడం పోలీసుల పని నాయనా. నింద వేసిన ఇంటి గడప తొక్కడమే నా కథ. అది లేకపోతే నా పేరు తీసెయ్యి."

ఒత్తు పోతేనే ఊరుకోని మనిషి, సన్నివేశం పోతే ఊరుకుంటారా? ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. టీచర్ మంచం పట్టారని తెలిశాక నరేందర్ మెత్తబడ్డాడు. సన్నివేశం తిరిగి అతికించాం. ఆ సాయంత్రమే తీసుకెళ్లి ఆవిడకు చూపించాలనుకున్నాం. ఇంతలో ఫోన్.

ఇద్దరం వెళ్లాం. లోపల టీచర్ శవపెట్టె చుట్టూ చర్చి సంఘస్థులు పాటలు పాడుతున్నారు. నరేందర్ గడప దగ్గరే ఆగిపోయాడు. ఎవరో కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"సార్, ఆ సీన్ మళ్లా పెట్టిన. మేడం చూడకపాయె," అన్నాడు.

పెట్టె పక్కనున్న ప్రకాశం గారు తలెత్తి అతన్ని చూశారు.

"కూసో బిడ్డా," అన్నారు.

ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. వినవలసిన ఆవిడ మాత్రం పెట్టెలో ఉన్నారు. అలాంటి కథలు చెప్పేవారు మాకు మళ్లీ దొరకరు. టీచర్, మీ గడపకు మా నమస్కారం.