పారిపోయేవాళ్ళ పటం

ఒక పటం గురించి నిజం చెప్పినందుకు ఒక బడి మూతపడవలసిందేనా? చిన్నప్పటినుంచి నన్ను వదలని ఈ ప్రశ్న ఎవరిని అడగాలో ఆ మనిషి మొన్న రాజమహేంద్రవరంలో కన్నుమూశారు. నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు. సంతాపసభలో ఆయన్ని శాంతమూర్తి అన్నారు. అలా అన్నవారెవరూ ఆయన ఎదుట ఒక్కపూట కూర్చుని ఉండరు. "కోడి గీకినా ఇంతకంటే బాగుంటుందమ్మా" అని నా పలక తోసేసేవారు. మళ్ళీ తానే చెయ్యి పట్టి దిద్దించేవారు.

మండపేట దగ్గర మా ఊళ్ళో, జమీందారుగారి దివాణం అరుగుమీదే మా ఆడపిల్లల బడి. కాకినాడలో ఓ దొర స్వదేశం వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే, జమీందారుగారు పెద్ద రంగుల పటం కొని పడవమీద తెప్పించారు. పటమంతా చెట్లూ కొండలూ ఏరూ. ఓ మూల గోరంత మనుషులు: గాడిదమీద బిడ్డతో ఒక స్త్రీ, పక్కన కర్ర పట్టుకున్న మగవాడు, రేవులో పడవ. దివాణం పండితులు చూస్తూనే, గుహుడు సీతారాముల్ని గంగ దాటించే ఘట్టమని తేల్చారు. లక్ష్మణుడు చెట్టు చాటున ఉన్నాడట. ఒళ్ళో ఉన్నది బిడ్డ కాదు, మూటట! హారతి కూడా ఇచ్చారు. వారి పాండిత్యమంతా ప్రభువుకు ఏది రుచిస్తుందో పసిగట్టడానికే.

జమీందారుగారు మాస్టారిని పిలిపించారు. మేం గుమ్మం పక్కన నక్కి చూస్తున్నాం.

"గాడిదమీద సీతమ్మేంటండీ?" అన్నారు మాస్టారు. "ఇది క్రైస్తవుల కథండి. పసివాడైన ఏసుని రాజు చంపిస్తాడని తల్లీతండ్రీ ఎత్తుకుని పారిపోతున్నారు."

"దేవుణ్ణి ఇంత చిన్నగా వేస్తారటండీ ఎవరైనా?" అని ఒక పండితుడు నవ్వాడు.

"పారిపోయేవాళ్ళు పెద్దగా కనబడితే దొరికిపోరూ?"

జమీందారుగారు కూడా నవ్వబోయారు. మాస్టారు అక్కడితో ఆగలేదు. "రాజులకి పసిపిల్లలన్నా భయమేనండి. పొగిడేవాళ్ళంటేనే ఆ భయం ఉండదు."

మర్నాడు మా అరుగుమీద ధాన్యం బస్తాలు పేర్పించారు. మాస్టారు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అక్కడ నాకు మేనమామ ఉన్నాడు గనక ఆయన దగ్గరే చదువు సాగించి, చెన్నపట్నంలో బి.ఏ. దాకా వెళ్ళగలిగాను. అలాంటి పటాలకు కొండలూ చెట్లే అసలు సంగతి, దేవుడు ఒక సాకు అని అక్కడి పుస్తకాల్లో చదివాను. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు ఏనాడూ ప్రాణభయంతో ఊరు దాటినవాళ్ళు కారు. మాస్టారు చెప్పిన అర్థం ముందు అదంతా నాకు ఊకలాగే తోచింది.

మా బడిలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు నిన్న పాలకొల్లు నుంచి వచ్చింది. మాస్టారు పోయారని చెప్పాను.

"మహా తెలివైనవారేనే. ఆ ఒక్క మాటా మింగేసుంటే, నా కూతురు ఉత్తరంలో తన కష్టం రాస్తే, చదవడం రాక పక్కింటాయన నోట వినాల్సిన గతి నాకు పట్టేది కాదు."

ఆయన్ని సమర్థించబోయి మానేశాను. అలాంటి మాట మింగగలిగినవారైతే ఆయన మా మాస్టారే కారు. కాని మాట ఆయనది, అనుభవిస్తున్నది ఈవిడ. అది ధైర్యమో, ఉత్త నోటిదురుసో, నాకు ఇప్పటికీ తేలలేదు.