ఉలవల మీద అమెరికా కారు

నాకీ పిచ్చి పంతొమ్మిదో ఏట పట్టింది. శ్రీకాకుళంలో నేను జుట్టు కత్తిరించుకునే దుకాణంలో అద్దం పక్కన ఒక క్యాలెండర్ వేలాడేది. దాని మీద ఎర్రటి అమెరికా స్పోర్ట్స్ కారు. పొడవాటి మూతి, నేలకి ఆనుకున్నట్టుండే పొట్ట, వెనక నాలుగు పొగగొట్టాలు. దాన్ని చూడ్డానికే వారానికోసారి క్షవరం చేయించుకున్నాను. ఇవాళ నా నెత్తి ఇలా మెరుస్తోందంటే అది వంశపారంపర్యం కాదు, ఆ కారు చలవే.

ముప్పై ఏళ్ల తరవాత, మొన్న మాఘంలో, అచ్చం అలాంటి కారే మా ఇంటి ముందు ఆగింది. పేరు చెబితే కంపెనీవాళ్లు మరీ మురిసిపోతారు కనక చెప్పను. తెచ్చినవాడు విశాఖలో పాత కార్లు కొని అమ్మే మా మేనమామ కొడుకు. సాయంత్రానికి దాన్ని పలాసలో ఒకాయనకి అప్పగించాలట. ఇంజన్ ఆపేలోగా మా వీధిలో ఆరేసిన చీరలన్నీ ఆరిపోయాయి.

"ఒరే బావా, టెక్కలి దాటినాక భావనపాడు రోడ్డు కాలీగా ఉంటాది. పది నిమిషాలు నీకిస్తాను. ఒక్కసారి గట్టిగా తొక్కుకో. ముప్పయ్యేళ్ల నుంచి నా సెవి కోసీస్తన్నావు," అన్నాడు.

దారిలో స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా మా బావ ఊపిరి బిగబట్టి తన పొట్ట లోపలికి లాక్కునేవాడు. తన పొట్ట తగ్గితే కారు పొట్ట లేస్తుందని నమ్మకం.

చివరికి స్టీరింగు నా చేతికొచ్చింది. నాలుగు వందల గుర్రాల బలమట. నేను అందులో సుమారు పదకొండు గుర్రాల్ని నిద్రలేపానో లేదో, రోడ్డు మీద ఉలవలు కనిపించాయి.

మా వైపు ఉలవచేను పీకాక ఎండిన మొక్కల్ని తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బళ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. తప్పించుకుని పక్కనుంచి పోయేవాణ్ని మర్యాద తెలియనివాడి కింద జమకడతారు. నాకా మర్యాద చిన్నప్పట్నుంచీ ఒంట్లో ఉంది. అందుకని సరిగ్గా నడిమధ్యకే పోనిచ్చాను. కింద జానెడు ఎత్తు కూడా లేని కారులో ఉన్నానన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

గర్రుమంది. కారు పొట్ట చీపురులా మొత్తం పంటని ఊడ్చుకుంటూ ముప్పై అడుగులు లాక్కుపోయింది. నాలుగు వందల గుర్రాలూ ఉలవలు చూసి ఒక్కసారి తల దించేసినట్టు, ఆగిపోయాం.

తుమ్మచెట్టు నీడలోంచి ఒకామె చీపురుతో వచ్చింది.

"ఏటి బావూ, తొక్కమని పరిస్తే ఈడ్సుకుపోనారు?"

"తప్పయిపోయింది అప్పా," అన్నాను.

"తప్పుకేటి గాని, అటు సూడు. మబ్బేసింది. తడిస్తే గింజ నల్లబడిపోతాది. పొద్దున్నించి రెండు ఆటోలే వచ్చినాయి. మీరే తొక్కించీయండి."

మా బావ అప్పటికే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కారు కిందనుంచి కంపంతా లాగుతున్నాడు. "ఇది తొక్కే బండి కాదప్పా!" అని కిందనుంచే అరిచాడు.

"మరెందుకింతింత టైర్లు?"

మా బావ ఇంకో గుప్పెడు కంప లాగి పక్కకి విసిరాడు. ఆ ప్రశ్నకి జవాబు అమెరికాలో కూడా ఉండకపోవచ్చు.

ముగ్గురం కలిసి మొక్కల్ని పలచగా, అరచెయ్యి మందాన మళ్లీ పరిచాం. నేను కారెక్కాను. ఆమె ముందు నడుస్తూ చీపురుతో దారి చూపిస్తోంది. మా బావ పక్కనే వంగి, కారు కిందకి చూసుకుంటూ ప్రదక్షిణం చేస్తున్నట్టు నడుస్తున్నాడు. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. సుమారు నాలుగు వేల సార్లు తిప్పాను. మా బావ నలభయ్యే అంటాడు. వేగం ఆమె నడకని మించలేదు. కానీ ఆ వెడల్పాటి టైర్ల కింద కాయలు పగిలే చప్పుడు, సన్నగా, చిటపటా, కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది. చల్లగాలి మొదలైంది. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, గట్టిగా నొక్కబుద్ధి కాలేదు.

చినుకు పడేలోగా ఆమె గింజలు ఎగరబోసి మూటకట్టేసింది. మా బావ గడియారం చూసుకుని తాళం కోసం చెయ్యి చాపాడు. నా పది నిమిషాలూ, వాటి మీద గంటా అయిపోయాయి. ఇచ్చేశాను.

ఆమె కారు మూతి మీద ధూళిని కొంగుతో తుడిచి, నన్ను చూసింది.

"ఇంత బండికి గొంతు పెద్దదే ఉంటాది గదా బావూ. ఓసారి అరిపించు, ఇందాం."

మా బావ నన్ను చూశాడు, ఆమెని చూశాడు. తాళం మళ్లీ నా చేతిలో పెట్టాడు.

బండి కదలకుండా న్యూట్రల్లో పెట్టి, ముప్పై ఏళ్ల నుంచి దాచుకున్న కాలితో తొక్కాను. పొలాల్లో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. ఉలవపొట్టు మేఘంలా లేచి ముగ్గురి నెత్తిమీదా పడింది. చీపురు గుండెకి ఆనించుకుని, కళ్లు మూసుకుని ఆమె చివరిదాకా విన్నది.

"ఇంకోపాలి," అంది.