సత్తెనపల్లిలో తుమ్ముల మాట

బాపయ్య మేష్టారు సత్తెనపల్లి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. మిరపకాయల కాలం వచ్చిందంటే ఆయన పాఠం సాగేది కాదు. బడి పక్కనే గోదాము. బస్తాలు దించినప్పుడల్లా ఘాటు కిటికీల్లోంచి దూరి క్లాసు క్లాసంతా తుమ్మేది.

యాభై ఆరులో ఒకరోజు పద్యం చెబుతుంటే పిల్లలతోపాటు ఆయనకూ తుమ్ములు ఆగలేదు. ఇక లాభం లేదని పుస్తకం మూసేసి, బోర్డు మీద పొడుగాటి మాట ఒకటి రాశారు. స్టెర్న్యుటేటరీ.

“అంటే తుమ్ము తెప్పించేదని. లాటిన్లోంచి వచ్చింది. అక్కడ ‘స్టెర్నుయెరె’ అంటే తుమ్మడం. ‘స్టెర్నుటారె’ అంటే, ఇదిగో, మనలాగా ఆపకుండా తుమ్మడం. తలబరువు దిగడానికి వెనకటి వైద్యులు ఇచ్చే పొడుముల్ని ఇలా అనేవాళ్ళు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళలోనే చాలామందికి తెలీదు.”

పిల్లలకు ఆ మాట తెగ నచ్చింది. పరీక్షలో వస్తుందా అని ఒక్కడూ అడగలేదు.

“మీకు జీతమిచ్చేది తుమ్ములు నేర్పడానికా?” అంది ఇంట్లో భార్య నాంచారమ్మ. ఆయన నవ్వేశారు. ఇలాంటి మాటలు ఏరి దాచుకోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ సరదా. వాడే చోటు దొరక్క ఒక్కోసారి దిగులు కూడా.

ఆరేడేళ్ళు గడిచాయి. ఆవకాయ రోజుల్లో ఇద్దరూ ఎండుమిరపకాయల కోసం మీరా హుస్సేన్ కొట్టుకు వెళ్ళారు. నాంచారమ్మ ఒక కాయ తుంచి వాసన చూసింది.

“ఘాటుంటుందా అబ్బాయ్?”

“భలేవారమ్మా. అసలైన స్టెన్నటేటరీ సరుకు.”

మేష్టారు ఉలిక్కిపడ్డారు. “ఏమన్నావూ?”

“ఇంగ్లీషు మాటండి, మీకు తెలీదేమోలెండి. ఘాటైన కాయని అట్లా అంటారు. మా బావమరిది బళ్ళో నేర్చుకొచ్చాడు. ఇప్పుడీ వరసలో కొట్లన్నిట్లో అదే మాట. రైతులు కూడా బేరానికొస్తే అదే అంటారు.”

నాంచారమ్మ ఏదో చెప్పబోయింది. మేష్టారు ఆవిడ మోచెయ్యి మెల్లిగా నొక్కారు.

“తెలీదయ్యా. మళ్ళీ ఒకసారి చెప్పు.”

మీరా హుస్సేన్ ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. మేష్టారు అతను పలికినట్టే పలికారు, తప్పుతో సహా.

దారిలో నాంచారమ్మ ఉండబట్టలేక, “నేర్పింది మీరేనని చెబితే ఏం పోయేది?” అంది.

“ఏం చెప్పమంటావే. నా నోట్లోకన్నా అతని నోట్లోనే బాగుంది.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. కొడుక్కి ఉద్యోగం వచ్చిననాడు కూడా ఆ మనిషి అంత సంబరపడలేదు. ఆ సంబరంలోనే బేరమాడకుండా రెండు వీశెలు ఎక్కువ తూయించారు. ఆ కాయతో పెట్టిన ఆవకాయ నోట పెట్టలేనంత కారమైంది. నాంచారమ్మ మొగుణ్ణి తిట్టుకుంటూ, వీధిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గిన్నెలతో పంచిపెట్టింది.