పిల్లలకోడి పక్కన తుడిచేసిన చుక్క

ఇది రాసిపెట్టాలి. ఎందుకంటే ఆ చుక్క ఆకాశంలో ఉండిందని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఫోటోలో అది లేదు. నాతోపాటు పోతే ఇక ఎక్కడా ఉండదు. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. అంత చిన్న చుక్కకు ఇంత బరువేమిటో నాకే అర్థం కాదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పడం కొంచెం తేలిక.

నేను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనిచేస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలోనే. అక్కడి ఖగోళశాస్త్రం పుస్తకాలను అట్టలు ఊడేదాకా చదివాను. ఆ గర్వం నాకుంది, దాచను. నా స్నేహితుడు ఖాజాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీస్తాడు. ఏ చుక్క ఎక్కడుందో నేను చెప్పేవాణ్ని, ఫోటోలు అతడు తీసేవాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వెలుగు తగలకుండా జమ్మలమడుగు దాటి, గండికోట దారిలో కెమెరా పెట్టేవాళ్లం.

ఒక చలికాలం కృత్తికలను తీశాం. మా వైపు పిల్లలకోడి అంటారు, అన్నిటికంటే మెరిసేది కోడి, చుట్టూ ఉన్నవి పిల్లలు. ఒకే గుంపును చాలా ఫోటోలు తీసి, కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేరిస్తే, కంటికి కనపడని మసక మేఘం కూడా బయటపడుతుంది. ఆ పేర్చే పని నాది. మరునాడు మధ్యాహ్నం స్టూడియోలో ఆ పనిలో ఉండగా ఖాజా నా భుజం మీదుగా వంగి చూశాడు.

"మామా, ఈ చుక్క ఏంది? నీ పటంలో ల్యాదే."

గ్రంథాలయం నుంచి తెచ్చిన చుక్కల పటం చూశాను. నిజంగానే లేదు.

"అది చుక్క కాదప్పా. కెమెరాలో దోషం. వేడెక్కితే అట్ల తెల్లగా పడ్తాది."

"అట్లనా. కోడి ఇంకో పిల్లను లేపిందనుకుంటి."

"లేపేదానికి అదేమన్నా మీ ఇంట్లో గంప కింద కోడినా?"

అతడు నవ్వాడు. "శానా చదివినోడివి, నువ్వు చెప్తే సరే. తుడిచెయ్. పెండ్లికూతురి మొగం మింద మొటిమ అనుకో."

ఫోటోలో మొటిమలు తుడవడం నాకు నేర్పింది కూడా అతడే.

కువైట్ పోయేవాళ్లెవరో పాస్‌పోర్టు ఫోటోకు వస్తే ఖాజా ముందు గదిలోకి వెళ్లాడు. అప్పుడు నేను చదివింది గుర్తుకొచ్చింది. కెమెరా దోషమైతే ప్రతి ఫోటోలోనూ ఒకేచోట కదలకుండా ఉంటుంది. ఆకాశంతోపాటు తిరగాల్సిన మా కెమెరా స్టాండు సరిగా తిరగదు, అందుకే అసలు చుక్కలు ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకు కొంచెం పక్కకు జరుగుతాయి. ఒక్కొక్కటే తిప్పి చూశాను. కోడి జరిగింది. పిల్లలు జరిగాయి. ఆ చుక్క కూడా వాటితోపాటే జరిగింది.

ఖాజా తిరిగొచ్చి, "తుడిచినావా?" అన్నాడు.

"ఆ, తుడిచినా."

అప్పటికింకా తుడవలేదు. ఆ మాట అన్న తర్వాతే తుడిచాను, కంప్యూటరులోని విడి ఫోటోలన్నీ కూడా తీసేశాను.

"కెమెరా కార్డులో ఉండేటివి?"

"అవెందుకు? రేపు పులివెందులలో పెండ్లి ఉందంటివి కదా. ఖాళీ చేసుకో."

నా ముందే ఖాళీ చేశాడు.

ఎందుకట్లా అన్నాను? అసూయా? అతడి ఫోటోలు బాగుంటే నాకూ సంతోషమే కదా. నాకు తెలియనిది ఒకటి నా ఎదుట కనపడిందని, అది నాకంటే ముందు అతడికి కనపడిందని భయపడ్డానా? ఆ వైపుగా చిన్న చిన్న గ్రహశకలాలు పోతుంటాయని పుస్తకాల్లో చదివాను. అందరికీ తెలిసిన అట్లాంటిదేదో అయ్యుంటే నేను దాచింది పెద్దగా ఏమీ లేదు. అంతవరకూ ఎవరూ చూడనిదైతే, నేనేం చేశానో తలచుకోవడానికే ధైర్యం చాలదు. ఏదో ఒకటి తేలితే నా తప్పు ఎంతో కొలుచుకునేవాణ్ని. తేల్చుకునే దారిని నేనే తుడిచేశాను. ఇప్పుడు కొన్నిసార్లు, అది నిజంగా జరిగిందా, నా కళ్లే జరిగాయా అని కూడా అనిపిస్తుంది. లేదు. జరిగింది.

దోషమున్న కెమెరాతో ఆకాశం ఎందుకులే అని ఖాజా మళ్లీ గండికోట దారికి రాలేదు. పెళ్లి ఫోటోల్లో ఒక్కసారి కూడా అట్లా చుక్క పడలేదే అని ఆశ్చర్యపోయాడు. నేనేదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆ పిల్లలకోడి ఫోటోను పెద్దది చేయించి స్టూడియో గోడకు తగిలించాడు. కింద తన పేరు పక్కనే నా పేరూ వేయించాడు. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను.

పటాన్ని ఇంటికి ఇచ్చిన గ్రంథాలయం సుభద్రమ్మ గారికి, తన జీపులో మమ్మల్ని తిప్పిన నాగిరెడ్డికి, మాకు అన్నం క్యారియర్లు కట్టిచ్చిన ఖాజా భార్య షాహీన్‌కు కృతజ్ఞతలు. వాళ్లెవరికీ ఇందులో పాపం లేదు. ఖాజాకు కృతజ్ఞత చెప్పే అర్హత నాకుందో లేదో తెలియదు. అతడికి ఇంకా చెప్పలేదు. ఆ చుక్క ఉండిన చోటు మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను. కోడికి తూర్పున, చివరి రెండు పిల్లలకు కొంచెం కింద, వాటికంటే మసకగా ఉండింది.

దాన్ని మొదట చూసినవాడు ఖాజా.