కందిరీగ గూట్లో బేసి గదులు

“అయినా మీకేం తెలుసని విజ్ఞాన సర్వస్వం రాస్తారండీ?”

భార్య అడిగింది, చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆపకుండానే. వెటకారం కాదు. పెళ్లయిన నాటి నుంచీ అతను రాయడం చూస్తున్న మనిషి, ఆమెకు నిజంగానే అనుమానం వచ్చింది. గైడ్ల మాస్టారు దాన్ని ఆడవాళ్ల అజ్ఞానం కింద జమకట్టి, చొక్కా తొడుక్కుని గ్రంథాలయం హాలుకు బయలుదేరాడు.

అతని రాత ఎలాంటిదో ముందు చెప్పాలి. బడిపిల్లలకు ప్రశ్నలు, జవాబుల గైడ్లు రాసి బతుకుతున్నాడు. రాయడమంటే ఒక పక్క పాఠ్యపుస్తకం, ఇంకో పక్క ఎవరిదో గైడు తెరిచి పెట్టుకుని, వాక్యం తోక తెచ్చి తలకు అతికించడం. ‘అందువలన’ తీసి ‘కాబట్టి’ పెడితే వాక్యం తనదైపోతుందని నమ్మకం. దీనికి తను పెట్టుకున్న పేరు గ్రంథరచన. అట్ట మీద సంవత్సరం మాత్రం వేయడు. వేస్తే మరుసటి ఏడు సరుకు పాతబడిపోతుంది. ఆ వ్యాపారంలో ఎవరూ వేయరు.

ఊరందరి దగ్గరా ఎత్తుకొచ్చే మనిషి కాబట్టి, తన దగ్గర ఎవరెత్తుకుపోతారో అని గుండెలు పీకుతుంటాయి. అందుకని ప్రతి గైడులోనూ ఒక అబద్ధం నాటుతాడు. సైన్సు గైడులో నాటినది ఇది: ‘కందిరీగ గూటిలోని గదుల సంఖ్య ఎల్లప్పుడూ బేసి సంఖ్యయే.’ ఈ ముక్క ఇంకెవరి గైడులో కనిపించినా వాడు దొరికిపోయినట్టే. ఏళ్ల తరబడి పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షల్లో రాశారు. మార్కులూ పడ్డాయి. ఆ సంగతి ఏనాడూ అతని నిద్ర చెడగొట్టలేదు.

ఈ ఏడు వలలో పడినవాడు సొంత బావ. భార్యకు అన్న, ఒకప్పుడు వ్యాపారంలో భాగస్వామి, ఇప్పుడు పోటీ గైడ్లు వేస్తున్నాడు. ఇద్దరివీ అచ్చువేసేది ఒకే ప్రెస్సు. మాస్టారు పాత కాగితం బాకీ నలభై వేలు కట్టేదాకా కొత్త గైడు మిషనెక్కించేది లేదని ప్రెస్సు యజమాని ముందే తెగేసి చెప్పాడు. మాస్టారు బావ గైడు పట్టుకెళ్లి, కందిరీగ పేజీ చూపించి, తన కిటుకు విప్పాడు.

“ఆ ముక్క మీదేనని తేలితే ఆ నలభై వేలూ జరిమానా కింద మీ బావ చేతే కట్టిస్తాను. శుక్రవారం ఇద్దరూ రండి” అన్నాడు యజమాని.

అంటే ఈ ఏడు గైడు అచ్చవుతుందా లేదా అన్నది ఆ ఒక్క వాక్యం మీద ఆగి ఉంది. ఎవరిది ముందు వచ్చిందో చూద్దామంటే ఇద్దరి అట్టల మీదా సంవత్సరం లేదాయె.

శుక్రవారం ఇంకా రాకముందే, ఎవరైనా రాయగలిగే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాయడం నేర్పే ఈ శిక్షణ తరగతి వచ్చింది. హాల్లో గోడ మీద ‘జ్ఞానం అందరిదీ’ అని గుడ్డ కట్టారు. కింద కూర్చున్నవాళ్లలో సగం మంది తమ మీద తామే వ్యాసం రాసుకోవడానికి వచ్చినవాళ్లు, మిగతా సగం టీకి వచ్చినవాళ్లు. మాస్టారు సర్టిఫికెట్ ఇస్తారని వచ్చాడు. నేర్పే అమ్మాయి అతనికి కీటకాల వ్యాసం అప్పగించింది. అతను కంప్యూటర్లో చకచకా ఒక పేరా కొట్టాడు.

“ఇది పాఠ్యపుస్తకంలోదండీ. తీసేశాను.”

అటుదిటు చేసి మళ్లీ కొట్టాడు.

“ఇదీ అదేనండీ, తిరగేశారంతే.”

“తిరగేశాక నాదే కదమ్మా?”

“కాదండీ. మీ సొంత మాట రాయండి మాస్టారూ. ఒక్క వాక్యం చాలు.”

మాస్టారు సొంత మాట కోసం వెతుక్కున్నాడు. టీ చల్లారిపోయింది. అన్ని గైడ్లు రాసిన మనిషికి, ఎవరి దగ్గరా ఎత్తుకురాని వాక్యం ఒకే ఒక్కటి దొరికింది. కందిరీగది. అబద్ధమని తెలుసు. అయినా కొట్టాడు.

“ఆధారం చూపించాలండీ. మీ పుస్తకం మీరే చూపించకూడదు, వేరేవాళ్లది కావాలి” అంది అమ్మాయి.

సంచిలో బావ గైడు ఉంది. దాని పేరు, పేజీ నంబరు పెట్టాడు. వాక్యం నిలబడింది. అచ్చయిన పుస్తకం కనబడితే చాలు, అందులో ఉన్నది నిజమా కాదా అని ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు. పైగా “ఇదిగో, ఇలా రాయాలి” అని అమ్మాయి అందరికీ తెర మీద చూపించింది. చప్పట్లు కూడా కొట్టారు. మాస్టారు ఇంటికొచ్చి ఫోన్‌లో భార్యకు చూపించాడు. ఆమె సంబరంగా అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పింది, నీ పుస్తకం పేరు కూడా పడిందని.

శుక్రవారం ప్రెస్సులో బావ కాగితం కట్టల మీద తాపీగా కూర్చుని ఉన్నాడు.

“ఈ ముక్క ఎవరిది బావా?” అని మాస్టారిని అతనే ముందు అడిగాడు.

“నాదే. నువ్వెత్తేశావు.”

“మరి లోకమంతా చూసేచోట నాదని ఎందుకు రాశావు?”

బావ తన ఫోన్ యజమాని చేతికిచ్చాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. వాక్యం, కింద బావ గైడు పేరు, చేర్చినవారు ‘గైడ్ల మాస్టారు’.

“ఇది మీరేనా?”

“నేనేగానీ, అది నేను కల్పించిందండీ. పచ్చి అబద్ధం.”

“అయితే ఆ మాటే అక్కడ రాయండి. నేనే కల్పించాను, ఇన్నేళ్లు పిల్లల చేత చదివించాను అని. రాస్తే నమ్ముతాను.”

“రాయి బావా” అన్నాడు బావ నవ్వు ఆపుకోకుండా. “దానికి మాత్రం ఆధారం నువ్వే.”

మాస్టారు రాయలేదు. రాస్తే ఏ బడీ తన గైడును గడప తొక్కనివ్వదని లెక్క వేసుకున్నాడు. అబద్ధం చెప్పినందుకు కాదు, ఒప్పుకుంటే వచ్చే నష్టానికే ఆ బాధంతా.

సాయంత్రం భార్య అడిగింది. “ఇంతకీ ఆ గూట్లో గదులెన్నుంటాయండీ?”

“ఎవడు లెక్కపెట్టాడే.”

“రాశారు కదా, లెక్కపెట్టారేమో అనుకున్నా.”

విజ్ఞాన సర్వస్వంలో ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. ఈ ఏడు గైడు మిషనెక్కలేదు. ప్రెస్సుకు మాస్టారు కట్టాల్సిన కాగితం బాకీ నలభై వేలు.