వేషం తీసేసినా తగ్గని హుషారు

తేడా మొదట తెలిసింది దసరా నాటకం అయిన మర్నాడు. ఎనభైల నడిమి సంగతి. అప్పుడు నేను బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టర్ని. మా రైల్వే కాలనీలో తెలుగువాళ్లం ఏటా ఒక నాటకం వేసేవాళ్లం. మా కాలనీ ఆడవాళ్లు ఇంకా స్టేజీ ఎక్కని రోజులవి. సన్నగా, నున్నటి మొహంతో ఉండేవాణ్ణి కనుక ఆడవేషాలన్నీ నాకే వచ్చేవి.

ఆ వేషాలంటే నాకు ప్రాణం. పగలంతా నల్లనూనెలో మునిగిన చేతులు సాయంత్రానికి గాజులు తొడుక్కునేవి. నేను మా ఆవిడ నరసమ్మ పట్టుచీరే కట్టుకుని, సవరం పెట్టి జడ వేసుకుని స్టేజీ మీదికి వస్తే, ఇంట్లో రోజూ చూసే మా అమ్మే గుర్తుపట్టడానికి తడుముకునేది. ఎవరో నవ్వుతారని నాకెప్పుడూ అనిపించలేదు. నాలో ఇంకో మనిషికి చోటుందని సంతోషంగా ఉండేది.

ఎప్పుడైనా నాటకం అయ్యాక రంగు కడుక్కుంటే ఒళ్లు బడలికగా ఉండి నిద్ర ముంచుకొచ్చేది. ఈసారి రాలేదు. తర్వాత కొన్నాళ్ల పాటు కంటి మీద కునుకు లేదు, అలసటా లేదు. ఆపకుండా మాట్లాడేవాణ్ణి. ఇక్కణ్ణుంచి విజయనగరం దాకా ప్రతి స్టేషన్లో నాటకం ఆడిద్దామని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఒక పొద్దున్న అదే చీర కట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాను. షెడ్‌లో కొందరు నవ్వారు. మా ఫోర్‌మన్ మాత్రం నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి, మా నాటకాలు నడిపించే గార్డు కామేశ్వర్రావు గారికి కబురు పెట్టాడు.

ఆయన వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అన్నారు: "సూరీ, నాటకం అయిపోనాది రా."

"అవనేదు గురువు గారూ. ఇప్పుడే మొదలైనాది," అన్నాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవెందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

దయ్యం పట్టిందన్నారు కొందరు. రాంచీ పిచ్చాసుపత్రికి పంపించెయ్యమన్నారు కొందరు. ఆడవేషాలేసి బుర్ర పాడుచేసుకున్నాడని మా అమ్మ సవరం, గాజులు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. నరసమ్మ, గురువు గారు కలిసి నన్ను రాయపూర్‌లో సైకియాట్రిస్టుకి చూపించారు. ఆయన ఓపిగ్గా అంతా విని మానిక్ ఎపిసోడ్ అన్నారు, అంటే హుషారు హద్దు దాటిపోయే జబ్బు. ఇది వేషాల వల్లే వచ్చిందా అని నరసమ్మ తనకొచ్చిన హిందీలో అడిగింది. ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే: "వేషం వల్ల జబ్బు రాలేదమ్మా. జబ్బు వచ్చిన వేళకి ఒంటి మీద వేషం ఉంది, అంతే."

వార్డులో ఇంజెక్షన్లు, ఆ తర్వాత మనసుని నిలకడగా ఉంచే లిథియం మాత్రలు, రక్తంలో దాని లెవెల్ చూడ్డానికి బ్లడ్ టెస్టులు. హుషారు దిగింది. దాని వెనకే డిప్రెషన్ వచ్చింది. స్నానానికి లేవడం కూడా కొండెక్కినట్టు ఉండేది. నరసమ్మ నీళ్లు కాచి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది. తర్వాతి దసరాకి నా వేషం ఇంకొకరు కట్టారు. మైకులో నా మాటలు మా క్వార్టర్ దాకా వినబడుతుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను.

మరుసటేడు కోలుకుని, అమ్మ వద్దన్నా రిహార్సల్స్‌కి వెళ్లాను. కానీ లిథియంతో చేతులు సన్నగా వణికేవి. కాటుక పెట్టుకుంటే చెంపకి పాకిపోయేది. చెయ్యి నిలబడాలని ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. చెయ్యి నిలబడింది, మనసు నిలబడలేదు. మళ్లీ వార్డుకే చేరాను. చెయ్యి వణికితే తనకి చెప్పాలి కానీ మాత్ర మానెయ్యడమేమిటని డాక్టరు మందలించి, డోసు సర్దారు. వణుకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

తర్వాతి నాటకం రోజు గ్రీన్‌రూమ్‌లో అద్దం ముందు కాటుక డబ్బీతో తంటాలు పడుతున్నాను. అంతవరకూ ఎన్నడూ అటు రాని నరసమ్మ లోపలికి వచ్చింది. డబ్బీ అందుకుని నా గడ్డం పట్టుకుంది.

"కదలకండి. గీత పోద్ది."

నలుగురూ ఏమనుకుంటారోనని నేను నసిగాను.

"అనుకోనీండి. చీరా నాదే, కట్టుకున్న మనిషీ నా మనిషే."

ఆ రోజు స్టేజీ మీద నేను గొప్పగా ఆడానని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆమె వేళ్ల చల్లదనమే గుర్తుంది. తొంభైలు సగం గడిచేదాకా నా కళ్లకి కాటుక పెట్టింది ఆమే.

ఇప్పుడు ఆ నాటకాలు లేవు. గురువు గారూ లేరు. రిటైరై బిలాస్‌పూర్‌లోనే రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటున్నాం. మాత్ర మాత్రం ఉంది, బ్లడ్ టెస్టూ ఉంది. ఆనాటి ఫోటో చూసి మా మనవరాలు "యే కౌన్ హై, నానీ?" అంటూ ఈవిడెవరని అమ్మమ్మని అడిగితే, నరసమ్మ గర్వంగా నావైపు చూపిస్తుంది.

ఇలాంటి జబ్బున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఒంట్లో బాగున్నప్పుడే మీకు నమ్మకమైన మనిషితో చెప్పి పెట్టుకోండి, నిద్ర తగ్గినట్టు కనిపిస్తే మీరెంత కాదన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని. హుషారుగా ఉన్నప్పుడు జబ్బు మనకి కనబడదు, పక్కవాళ్లకి కనబడుతుంది.

మొన్నీమధ్య పొద్దున్నే నేను పాత పాటలు పాడుకుంటూ బీరువా సర్దుతుంటే నరసమ్మ వచ్చి నిలబడింది.

"ఏటండీ, రెండ్రోజులై మీరు సరిగ్గా పడుకోనేదు."

నేను వాదించలేదు. చెప్పులు వేసుకున్నాను.